ఆనర్స్ చదువు, క్రైస్తవ కళాశాలలు: బందరు నుంచి లింబాయత్ దాకా

ఒకే విషయాన్ని ప్రధానంగా పట్టుకుని మూడు నాలుగేళ్లు లోతుగా చదివి, మామూలు డిగ్రీ కంటే గట్టి పరీక్షకు నిలబడి పొందే పట్టాను ఆనర్స్ డిగ్రీ అంటారు. తెలుగువారికి ఈ చదువు రుచి చూపించినవి మద్రాసు, విశాఖ విద్యాసంస్థలు. మద్రాసులో ప్రెసిడెన్సీ కళాశాలతో పాటు ఈ బరువు మోసినవాటిలో క్రైస్తవ మిషన్లు నడిపిన కళాశాలలు ముఖ్యమైనవి. 20వ శతాబ్దం మధ్యలో దక్షిణాదిన కనుమరుగైన ఆనర్స్, కొత్త జాతీయ విద్యావిధానంతో మళ్లీ చాలా రాష్ట్రాల్లోకి వచ్చింది. సూరత్ నగరంలో సాంచెల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగే లింబాయత్ తెలుగు పిల్లలకూ ఇప్పుడు ఆ పేరుతో నాలుగేళ్ల డిగ్రీ ఉంది.

పేరు తిరిగి వచ్చినంత తేలిగ్గా చదువు తిరిగి రాదు. పాత ఆనర్స్‌కు బలం దాని కాలవ్యవధిలో లేదు. కొద్దిమంది విద్యార్థులు, వాళ్లను పేరుపేరునా ఎరిగిన అధ్యాపకుడు, పాఠ్యప్రణాళికను దాటిన పుస్తకాలు, వాటిని చదువుకునే తీరిక: ఈ నాలుగూ కలిసిన చోటే అది పండింది. క్రైస్తవ కళాశాలల చరిత్రలో ఆ నాలుగూ ఎక్కడ కుదిరాయో, ఎక్కడ కుదరలేదో చూస్తే నేటి నాలుగేళ్ల డిగ్రీ మంచిచెడ్డలు తూకం వేయడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

పుట్టుక

1800లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరీక్షల పద్ధతిని సంస్కరించింది. ప్రతిభ చూపినవారిని విడిగా గుర్తించే ఏర్పాటు అక్కడ అప్పటి నుంచి బలపడింది. కేంబ్రిడ్జిలో గణితం ట్రైపాస్ పరీక్ష అంతకు ముందు నుంచే ఉంది. సాధారణ పట్టాను పాస్ డిగ్రీ అనీ, పోటీపడి తెచ్చుకునేదాన్ని ఆనర్స్ అనీ అనడం ఈ రెండు చోట్లా స్థిరపడింది. రెండూ అప్పట్లో ఆంగ్లికన్ చర్చి సంస్థలే. వారానికోసారి విద్యార్థి తాను రాసిన వ్యాసాన్ని ట్యూటరు ఎదుట కూర్చుని చదివి, ప్రశ్నలకు జవాబు చెప్పుకునే ట్యుటోరియల్ పద్ధతి ఆక్స్‌ఫర్డ్‌లో ఈ చదువుకు ప్రాణం.

అమెరికా దీన్ని ఆలస్యంగా అందుకుంది. క్వేకర్ శాఖ క్రైస్తవులు స్థాపించిన స్వార్త్‌మోర్ కళాశాలలో ఫ్రాంక్ ఐడెలాట్ అనే అధ్యక్షుడు 1922లో ఆనర్స్ ప్రారంభించాడు. ఆయన రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. చిన్న చిన్న సెమినార్లు, చివర్లో బయటి కళాశాలల నుంచి వచ్చే పరీక్షకులు అక్కడి పద్ధతి. పాఠం చెప్పిన గురువే మార్కులు వేయడు కాబట్టి గురుశిష్యులిద్దరూ ఒకే పక్షాన నిలబడతారు. ఎంతో ఆలోచన ఉన్న ఏర్పాటు ఇది. టెక్సస్‌లోని బాప్టిస్టు విశ్వవిద్యాలయం బేలర్ 1959లో ఆనర్స్ ప్రోగ్రాం పెట్టి, 2002లో దాన్ని ప్రత్యేక ఆనర్స్ కళాశాలగా పెంచింది. కాలిఫోర్నియాలోని బయోలా విశ్వవిద్యాలయం 1990ల్లో మొదలుపెట్టిన టోరీ ఆనర్స్‌లో ఉపన్యాసాల కంటే ప్రాచీన గ్రంథాలు చదివి గుండ్రంగా కూర్చుని చర్చించడానికే పెద్దపీట.

బందరు, మద్రాసు

తెలుగుదేశంలో మిషనరీల ఉన్నత విద్యకు తొలి మెట్టు మచిలీపట్నం (బందరు). రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1841లో హెన్రీ ఫాక్స్‌తో కలిసి వచ్చి, 1843లో అక్కడ ఇంగ్లీషు పాఠశాల తెరిచాడు. పై కులాల పిల్లలు చదువుకుంటే కింది వరకూ వెలుగు దిగుతుందన్నది ఆయన నమ్మకం. అందుకని దళితులకు ప్రవేశం లేకుండా నడిపాడు. 1852లో ఐనాల భూషణం, మంచాల రత్నం అనే విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకోగానే ఊరు అట్టుడికి, బడి దాదాపు ఖాళీ అయింది. తర్వాత మెల్లగా మళ్లీ నిండింది. నోబుల్ 1865లో బందరులోనే కన్నుమూశాడు. ఆయన పేరిట కళాశాల నేటికీ ఉంది. దీక్షగా పనిచేసిన మనిషే. అయినా చదువు ఎవరికి అందాలన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు తప్పు, దాన్ని తప్పనే చెప్పాలి. అక్షరం కోసం వాకిట నిలబడ్డ మాల మాదిగలకు తలుపు తీసినవి అమెరికన్ బాప్టిస్టు, లూథరన్ పాఠశాలలు. గుంటూరులో లూథరన్లు 1885లో పెట్టిన కళాశాల ఇప్పటి ఆంధ్ర క్రిస్టియన్ కళాశాల. ఏ.సి. కాలేజీ అంటే గుంటూరులో తెలియనివారుండరు. ఎన్.టి. రామారావు, గుంటూరు శేషేంద్ర శర్మ అక్కడే బి.ఏ. చదివారు.

మద్రాసులో కథ ఇంకా పెద్దది. 1837లో స్కాట్లండు మిషన్ బడిగా మొదలైన సంస్థ విలియం మిల్లర్ చేతికి వచ్చాక 1877లో మద్రాసు క్రిస్టియన్ కళాశాల అయింది. మిల్లర్ మతం మార్చడం కంటే మనిషిని తీర్చిదిద్దడం మీద దృష్టి పెట్టాడు. తోటి మిషనరీలు కొందరికి అది నచ్చలేదు. ఆయన నిలబడ్డాడు. రఘుపతి వెంకటరత్నం నాయుడు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కట్టమంచి రామలింగారెడ్డి ఆ కళాశాల విద్యార్థులే. కట్టమంచి అక్కడి నుంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జి వెళ్లి సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర ట్రైపాస్ చదివాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి తొలి ఉపకులపతి అయ్యాడు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ వెల్లూరు వూర్‌హీస్ కళాశాల నుంచి ఇక్కడికి వచ్చాడు. విలియం స్కిన్నర్, ఆల్ఫ్రెడ్ హాగ్ ఆయన గురువులు. తరగతి గదుల్లో హిందూమతం మీద వినబడ్డ విమర్శలు ఆ యువకుణ్ని పట్టి కుదిపాయి. జవాబుగా ఆయన వేదాంతంలోని నీతిశాస్త్రం మీద ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాశాడు. అది 1908లో పుస్తకంగా వచ్చింది. గురువుల మతాన్ని ఎదిరించి రాసిన ఆ వ్యాసాన్ని గురువు హాగ్ మెచ్చుకున్నాడు. ఆనర్స్ అనే పేరు అప్పటికి మద్రాసులో లేకపోయినా ఆ చదువు సారమంతా ఇందులో ఉంది: గురువుతో వాదించగల స్వేచ్ఛ, ఆ వాదాన్ని న్యాయంగా తూచే గురువు.

మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంటర్మీడియట్ తర్వాత మూడేళ్ల ఆనర్స్ 20వ శతాబ్దపు తొలి దశకాల్లో మొదలైంది. 1915లో పలు మిషనరీ సంఘాలు కలిసి పెట్టిన ఉమెన్స్ క్రిస్టియన్ కళాశాల ఆడపిల్లలకు ఉన్నత విద్యను దగ్గర చేసింది. 1925లో జెసూట్లు లయోలా కళాశాల తెరిచారు. 1937లో క్రిస్టియన్ కళాశాల జార్జిటౌన్ ఇరుకును విడిచి తంబరం అడవి అంచుకు చేరింది. సెలైయూర్, సెయింట్ థామస్, బిషప్ హీబర్ అనే మూడు హాస్టళ్ల చుట్టూ అక్కడి జీవితం అల్లుకుంది.

ఫాదర్ రాసీన్ తరగతి

ఒక క్రైస్తవ కళాశాల ఆనర్స్ తరగతి దేశానికి ఏం ఇవ్వగలదో చెప్పడానికి లయోలా గణిత విభాగాన్ని మించిన ఉదాహరణ లేదు.

చార్లెస్ రాసీన్ ఫ్రెంచి జెసూట్ పాదిరి. పారిస్‌లో ఎలీ కార్టాన్ దగ్గర పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నాడు. ఆంద్రే వెయిల్ వంటి తన తరం గొప్ప గణితవేత్తలతో ఆయనకు స్నేహం. 1937లో ఇండియా వచ్చి తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్స్‌లో రెండేళ్లు పనిచేసి, 1939లో లయోలాకు మారాడు. 1967 దాకా అక్కడే పాఠం చెప్పాడు. అప్పటి మద్రాసు సిలబస్ పాత కేంబ్రిడ్జి లెక్కల చుట్టూ తిరిగేది. కిటుకులున్న లెక్కలు, వేగం, పరీక్ష: అదే దాని ప్రపంచం. రాసీన్ ఆ సిలబస్‌ను వదిలిపెట్టలేదు, దాని దగ్గర ఆగిపోనూ లేదు. ఫ్రాన్సులో కొత్తగా రూపుదిద్దుకుంటున్న ఆధునిక గణితాన్ని పిల్లల ముందు పెట్టాడు. చేతికి పుస్తకమిచ్చి చదువుకోమన్నాడు. గణితంలో ఫస్టు క్లాసు వచ్చిన కుర్రాడి మీద ఇంటిల్లిపాదీ ప్రభుత్వ ఉద్యోగం ఆశ పెట్టుకునే రోజులవి. అలాంటి కుర్రాళ్లను ఆయన బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వైపు పంపాడు.

సి.ఎస్. శేషాద్రి 1948లో లయోలాలో చేరి 1953లో బి.ఏ. ఆనర్స్ పూర్తిచేశాడు. ఎం.ఎస్. నరసింహన్ కూడా రాసీన్ శిష్యుడే. ఇద్దరూ 1953లో టాటా సంస్థలో చేరారు. 1965లో ఆ ఇద్దరూ కలిసి నిరూపించిన నరసింహన్–శేషాద్రి సిద్ధాంతం బీజ జ్యామితికి, భౌతికశాస్త్రానికి మధ్య దారి వేసింది. రాఘవన్ నరసింహన్, సి.పి. రామానుజం అదే లయోలా నుంచి అదే దారిన వెళ్లారు. ఒక పట్టణ కళాశాలలో ఒక విభాగం, ఒక తరం కాలంలో ఇంతమందిని ప్రపంచ గణిత పటం మీద నిలబెట్టడం ఎక్కడైనా అరుదు.

ఈ కథలో ఒక తెలుగు గడ్డ బిడ్డకూ చోటుంది. బొంబాయిలో ఈ శిష్యులను చేర్చుకుని గణిత పాఠశాలను ప్రపంచస్థాయికి నడిపించిన కె. చంద్రశేఖరన్ 1920లో మచిలీపట్నంలో పుట్టి బాపట్లలో చదువుకున్నాడు. ఆయన కళాశాల చదువు ప్రెసిడెన్సీలో, గురువు కె. ఆనందరావు. ఒకే నగరంలోని వేర్వేరు కళాశాలల నుంచి వచ్చిన రెండు గురుపరంపరలు బొంబాయిలో కలిశాయి.

వాల్తేరు, కమిషన్లు, కనుమరుగు

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరులో సొంత ఆనర్స్ కోర్సులు నడిపింది. తెలుగు భాషాశాస్త్రానికి పునాదులు వేసిన భద్రిరాజు కృష్ణమూర్తి 1948లో అక్కడే తెలుగులో బి.ఏ. ఆనర్స్ చేశాడు. తెలుగు సాహిత్యం కూడా ఆనర్స్ స్థాయిలో చదవదగ్గ విషయమని ఒక విశ్వవిద్యాలయం ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

అంతకు ముందే క్రైస్తవ కళాశాలలు తమను తాము పరీక్షించుకున్నాయి. ఆక్స్‌ఫర్డ్ బేలియల్ కళాశాల అధిపతి ఏ.డి. లిండ్సే నాయకత్వంలో ఒక కమిషన్ దేశమంతా తిరిగి 1931లో నివేదిక ఇచ్చింది. పరీక్షలకు పిల్లల్ని తయారుచేసే ప్రభుత్వ కళాశాలల నకళ్లుగా మిగిలిపోవద్దని, చుట్టూ ఉన్న సమాజం మీద పరిశోధన, ఆ సమాజానికి పనికివచ్చే విస్తరణ సేవ చేపట్టాలని అది చెప్పింది. ఆ మాట ఇవాళ్టికీ పాతబడలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948–49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు రాధాకృష్ణనే అధ్యక్షుడు. పన్నెండేళ్ల బడి చదువు తర్వాత మూడేళ్ల డిగ్రీ ఉండాలని, ఎం.ఏ. ఆనర్స్ చేసినవారికి ఏడాదిలో, పాస్ డిగ్రీవారికి రెండేళ్లలో రావాలని ఆ కమిషన్ సూచించింది. ఆ తర్వాతి దశాబ్దంలో దక్షిణాది విశ్వవిద్యాలయాలు ప్రీ యూనివర్సిటీ, మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ పద్ధతికి మారాయి. ఆ మార్పులో ఆనర్స్ జారిపోయింది. ఉత్తరాదిన మాత్రం నిలిచింది. 1881లో కేంబ్రిడ్జి మిషన్ పెట్టిన సెయింట్ స్టీఫెన్స్ కళాశాల సహా ఢిల్లీలో ఆనర్స్ అన్నదే మామూలు మాటగా కొనసాగింది.

మద్రాసులో లయోలా, క్రిస్టియన్ కళాశాలలకు 1978లో స్వయంప్రతిపత్తి రావడంతో సొంత సిలబస్, సొంత పరీక్షలు పెట్టుకునే వీలు కలిగింది. విజయవాడలో 1950ల్లో మొదలైన ఆంధ్ర లయోలా తర్వాతి కాలంలో అదే బాట పట్టింది. హైదరాబాదు బేగంపేటలో 1959 నుంచి నడుస్తున్న సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాలలో బి.కాం. ఆనర్స్ ఉంది. బెంగుళూరులో 1969లో పుట్టిన క్రైస్ట్ కళాశాల 2008లో డీమ్డ్ విశ్వవిద్యాలయం అయింది, 1882 నాటి సెయింట్ జోసెఫ్స్ 2022లో పూర్తి విశ్వవిద్యాలయం అయింది. తెలుగు కుటుంబాలు పిల్లల్ని పంపే ఊళ్లలో బెంగుళూరు ముందు వరుసలో ఉంది కాబట్టి ఈ రెండు పేర్లూ మనవాళ్లకు కొత్త కాదు.

ఈ సంస్థలకు రాజ్యాంగం 30వ అధికరణం అండ ఉంది. మైనారిటీలు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు అది. 1992లో సెయింట్ స్టీఫెన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కును నిలబెడుతూనే, తమ వర్గం వారికి కేటాయించే సీట్లు సగానికి మించరాదని హద్దు గీసింది. అంటే సగం సీట్లయినా అందరికీ తెరిచే ఉండాలన్నది అప్పటి నియమం; 2002లో ఆ హద్దు సడలింది. ఈ సంస్థల్లో చదువుతున్న హిందూ, ముస్లిం పిల్లల సంఖ్య చూస్తే ఆ తీర్పు ప్రభావం ఎంతమంది బతుకుల మీద ఉందో అర్థమవుతుంది.

నాలుగో ఏడు

కొత్త విద్యావిధానం కింద విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో విడుదల చేసిన చట్రం ప్రకారం మూడేళ్లలో 120 క్రెడిట్లు సంపాదిస్తే డిగ్రీ, నాలుగేళ్లలో 160 సంపాదిస్తే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు వచ్చినవారు నాలుగో ఏట 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేస్తే రీసెర్చితో కూడిన ఆనర్స్ వస్తుంది. మధ్యలో ఆగినవారికి, ఒక వృత్తి కోర్సు కూడా పూర్తిచేస్తే, ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు ఎం.ఏ. లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి పోటీపడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24లో ఒకే ప్రధాన సబ్జెక్టుతో ఆనర్స్ పద్ధతి అమలైంది. గుజరాత్ కూడా అదే ఏడాది కొత్త విధానంలోకి వచ్చింది.

చట్రం బాగుంది. నాలుగో ఏడు నడిపే మనుషులు ఎక్కడ అన్నదే చిక్కు. పరిశోధన చేయించాలంటే విభాగంలో పీహెచ్‌డీ పర్యవేక్షించగల శాశ్వత అధ్యాపకులుండాలి. ఖాళీ పోస్టుల మధ్య, గంటల లెక్కన జీతం తీసుకునే గెస్టు లెక్చరర్ల మీద నడిచే కళాశాలలో రాసీన్ లాంటి గురువు పుట్టడు. ఒకవేళ పుట్టినా నిలవడు.

లింబాయత్

సూరత్ మహానగరపాలికలో ఆగ్నేయ దిక్కున ఉన్న లింబాయత్‌లో మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు ఒకే గల్లీలో వినిపిస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల క్రితం పొట్ట చేతపట్టుకుని వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ బట్టల కార్ఖానాల్లో స్థిరపడ్డాయి. చేతిమగ్గం గిట్టుబాటు కాక సాంచె పట్టిన మనుషులు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. రాత్రి షిఫ్టు దిగిన తండ్రి పొద్దున పడుకునే గదిలోనే కొడుకు పుస్తకం తెరవాలి. సాంచెల మధ్య మాట వినబడక సైగలతో నడిచే పనివేళలు, ఇంటికి వచ్చాక కూడా చెవుల్లో ఆగని హోరు: ఈ ఇళ్లల్లో చదువు అంటే ముందు నిశ్శబ్దం సంపాదించుకోవాలి.

సూరత్ నగరపాలిక గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. దేశంలో కొద్ది నగరాలకే ఉన్న మంచి గుణం ఇది. ఆ బడిలో తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లవాడు కళాశాల గడప తొక్కేసరికి గుజరాతీ, ఇంగ్లీషు రెండూ ఎదురుపడతాయి. 1965లో ఏర్పడి ఇప్పుడు వీర నర్మద్ పేరుతో ఉన్న దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలలు అతనికి దగ్గరి దారి. 2024 నుంచి ప్రవేశం రాష్ట్రమంతటికీ ఉమ్మడి పోర్టల్ ద్వారా జరుగుతోంది.

క్రైస్తవ మిషన్ల అడుగు సూరత్‌కు కొత్తది కాదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున స్కిన్నర్, ఫైవీ 1815లో ఇక్కడికి వచ్చి బైబిలును గుజరాతీలోకి తెచ్చారు. 1840ల్లో ఐరిష్ ప్రెస్బిటేరియన్లు వారి పనిని అందుకున్నారు. వాళ్లు నడిపిన ఐ.పి. మిషన్ పాఠశాల పేరు ఊళ్లో పాతవాళ్లందరికీ తెలుసు. ఉన్నత విద్య దాకా వచ్చేసరికి మాత్రం క్రైస్తవ కళాశాల కోసం రైలెక్కాలి. ఉత్తరంగా అహ్మదాబాదులో జెసూట్లు 1955లో పెట్టిన సెయింట్ జేవియర్స్, దక్షిణంగా ముంబయిలో 1869 నాటి సెయింట్ జేవియర్స్. రెండూ స్వయంప్రతిపత్తి ఉన్నవే. ముంబయి జేవియర్స్ మామూలు డిగ్రీతో పాటు అదనపు క్రెడిట్లు సంపాదించేవారికి కొత్త విధానం రాకముందే ఆనర్స్ ప్రోగ్రాం నడిపింది.

సాంచె కార్మికుడి కుటుంబానికి నాలుగో ఏడు అంటే ఇంకో ఏడాది ఫీజు, ఇంకో ఏడాది రాని కూలి. చెల్లెలి పెళ్లో తండ్రి ఆరోగ్యమో మధ్యలో అడ్డుపడితే డిప్లొమాతో బయటికి రావడానికి విధానం వీలు కల్పించింది. ఆ వీలు పేదపిల్లలకు మాత్రమే పనికొచ్చే తలుపుగా మారకుండా చూడటం ప్రభుత్వాల బాధ్యత. స్కాలర్‌షిప్ నాలుగో ఏటికీ వర్తించాలి, హాస్టలు సీటు మూడో ఏడుతో ముగియకూడదు. రాధాకృష్ణన్ కలిగిన ఇంట పుట్టలేదు. స్కాలర్‌షిప్పులే ఆయన్ను వెల్లూరు నుంచి మద్రాసు దాకా చదివించాయి.

లింబాయత్‌లో పన్నెండో తరగతి దాటుతున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు దరఖాస్తు నింపే ముందు కళాశాలను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నా సబ్జెక్టులో శాశ్వత అధ్యాపకులు ఎందరు? నాలుగో ఏట పరిశోధన ఎవరు చేయిస్తారు? గ్రంథాలయం సాయంత్రం ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుంది? రాత్రి షిఫ్టు ఇంట్లో పెరిగే విద్యార్థికి ఈ చివరి ప్రశ్న మిగతా రెంటి కంటే తక్కువదేమీ కాదు. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగల కళాశాల ఏ మిషనుదైనా, ప్రభుత్వానిదైనా, ఆ పిల్లల మొదటి ఎంపిక కావాలి.